రెక్క మీది పట్టుదారం

అనగనగా అంటే మన తాతల తాతలైనా చూడని రోజుల్లో, గాలికొండ రాజ్యంలో గురవయ్య అనే ముసలి మేదరి ఉండేవాడు. బుట్టలు, చేటలు అల్లి బతికేవాడు. అతనికి గురువు లేడు, గ్రంథం లేదు. గద్దల్ని చూసి చూసి, వెదురుబద్దలతో, పట్టుగుడ్డతో తన పెరట్లోనే చిట్టి విమానం కట్టాడు. అందులో ఇద్దరు పడతారు, అంతే.

కొండ మీంచి రెండుసార్లు ఎగిరి చక్కగా దిగాడు. మూడోసారి దిగుతుంటే ఎడమ రెక్క పుట్టకు తగిలి, లోపలి వెదురు చీలింది.

చీలిన బుట్టకు మేదరులు ఏం చేస్తారు? దారం చుట్టి, లక్క పూసి సంతకు పంపుతారు. గురవయ్య రెక్కకూ అదే చేశాడు. రెక్క కొత్తదానిలా మెరిసింది. ఒక్కడినే కదా, ఎలాగో దిగుతాలే అనుకున్నాడు. అక్కడే అతని బుద్ధి గడ్డి తింది.

మర్నాడు పొద్దున్నే గురవయ్య ఎగిరే చోటికి మహారాజు కొండెక్కి వచ్చాడు. పక్కన ఎనిమిదేళ్ల రాకుమారి కువలయ.

"నా బిడ్డ ముచ్చటపడుతోంది. నీ ముందు కూర్చోబెట్టుకుని ఎగురు. కాదన్నావో, తల ఉండదు" అన్నాడు.

గురవయ్య ఎడమ రెక్క వైపు చూశాడు.

"సిద్ధమేనా?" అని అడిగాడు మహారాజు.

"గాలి సరిగ్గా లేదు ప్రభూ."

కాసేపటికి గాలి నెమ్మదించింది. "ఇప్పుడు?"

"లక్క ఇంకా ఆరలేదు ప్రభూ."

భటుడు వేలితో తాకి చూశాడు. అది ఎప్పుడో ఆరింది. మహారాజు చెయ్యి కత్తి మీదికి పోయింది.

రాకుమారి అప్పటికే విమానంలోని పీట మీద ఎక్కి కూర్చుంది. "తాతా, నన్ను గట్టిగా పట్టుకుంటావుగా?" అంది. ఆమె చిన్న చేతులు రెక్క మీది దారాన్ని నిమిరాయి. ఆ రెక్క ఎక్కడ విరుగుతుందో లోకంలో గురవయ్య ఒక్కడికే తెలుసు.

"సిద్ధమేనా?" మహారాజు మూడోసారి అడిగాడు.

గురవయ్య పాపను ఎత్తి కిందికి దించాడు.

"ఈ దారం కింద వెదురు చీలింది ప్రభూ. నేనే దాచాను. మా ఇద్దరి బరువుకు సరిపడా ఇసుక మూటలు కట్టి వదలండి. ఆ తర్వాత నా తల తీసుకోండి."

వదిలారు. విమానం హాయిగా తేలింది. మహారాజు కళ్లు ఎర్రబడ్డాయి. గురవయ్య కళ్లు మూసుకున్నాడు. లోయ నడిమికి వెళ్లేసరికి రెక్క పెళ్లున విరిగింది. కింద బండల మీద మూటలు పగిలిన చప్పుడు కొండ మీదికి వినబడింది.

మహారాజు బిడ్డను గుండెకు హత్తుకున్నాడు.

"నీ భయం నా బిడ్డను కాపాడింది గురవయ్యా."

"భయం నాచేత రెండుసార్లు సాకు చెప్పించింది ప్రభూ. మీ కత్తికంటే పాప చావుకు ఎక్కువ భయపడ్డాక గానీ నిజం నోట రాలేదు."

మహారాజు కత్తి తీసి పక్కన పెట్టాడు. "ఇంకో రెక్క కట్టు. ఎప్పటికి సిద్ధమని నేను అడగను. నువ్వే వచ్చి చెప్పు" అన్నాడు.

పిల్లలూ, తప్పు బయటపడుతుందేమోనని భయపడేకంటే, దాచిన తప్పు ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని భయపడటం మేలు.