చెంచమ్మ పట్టిన రెండు చేతులు

అనగా అనగా, మీ తాతల తాతలు ఉయ్యాల్లో ఊగేనాటి మాట. ఏటిగట్టున ఒక ఊరు, ఆ ఊళ్ళో సింగరాచార్యులనే వైద్యుడు. నాడి చూడ్డంలో ఆయనంతటివాడు లేడని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. పక్కూరి వైద్యుణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆయన భార్య తాయారమ్మది ఎడమచేతి వాటం. ఒకనాడు బావిలో నీళ్ళు తోడుతుంటే గుండె పట్టేసింది. చేద వదిలి కూర్చుంటే తగ్గింది. మళ్ళీ తోడితే మళ్ళీ పట్టేసింది. ఆచార్యులు నాడి చూశాడు. మగవాళ్ళకి కుడిచెయ్యి, ఆడవాళ్ళకి ఎడమచెయ్యి, అదీ శాస్త్రం. ఎడమనాడి సన్నటి దారప్పోగులా ఆడుతోంది. ఒంట్లో నెత్తురే లేదనుకున్నాడు. కషాయం పోశాడు, తగ్గలేదు. లేహ్యం నాకించాడు, తగ్గలేదు. భస్మం తేనెలో రంగరించి పెట్టాడు, తగ్గలేదు. ఇక నెల్లాళ్ళకు మించి బతకదని గదిలో కూర్చుని ఏడ్చాడు పాపం.

అప్పుడొచ్చింది గాజులమ్ముకునే చెంచమ్మ. పోయేముందు చేతుల నిండా గాజులు వేయించుకుంటానంది తాయారమ్మ. గాజులామెకి శాస్త్రమేం తెలుసు? రెండు చేతులూ పట్టుకుంది. కుడిది పట్టుకుని, ఎడమది పట్టుకుని, మళ్ళీ కుడిది పట్టుకుంది.

"అయ్యగారూ, అమ్మగారికి నెత్తురు తక్కువేం లేదు. కుడిచేతిలో నిండుగా పారుతోంది. ఎడమచేతికి పోయే దారే ఎక్కడో పూడింది. ఆ చెయ్యి పనిచేసినప్పుడల్లా గుండెకి పోవలసింది దొంగిలించి తాగుతోంది," అంది.

ఎడమచేత్తో పుల్ల కూడా ఎత్తొద్దని చెప్పి పోయింది. తాయారమ్మ కుడిచేత్తో తోడడం నేర్చుకుంది. నెల తిరిగేసరికి లేచి తిరిగింది.

భార్య బతికింది కదా, సంతోషించొద్దూ? సంతోషించాడు, ఒక్కపూట. మర్నాటినుంచి ఊరంతా చెంచమ్మా చెంచమ్మా అంటుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. అది చేతబడి మనిషని ఒక ఇంట్లో అన్నాడు, రెండో ఇంట్లో అన్నాడు, మూడో ఇంట్లో అన్నాడు. ఇంకేముంది, ఊరి తలుపులన్నీ మూసుకున్నాయి. మొగుడి మాటకి ఎదురాడలేక తాయారమ్మ కూడా తలుపు తియ్యలేదు. గాజులు అమ్ముడుపోక చెంచమ్మ దూరపూళ్ళకి నడిచి నడిచి, ఒక ఎండాకాలం దారిలోనే పోయింది.

ఆ కబురు విన్ననాడే ఆచార్యులు శిష్యుల్ని పిలిచాడు. ఎవరొచ్చినా రెండు చేతులూ చూడండి, ఇది చెంచమ్మ పద్ధతి అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని తాయారమ్మ అడిగింది.

"అది బతికుండగా ఆ పేరు నా నోట రాలేదే," అన్నాడు.

ఆ రోజునుంచి తాయారమ్మ ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో గుండె పట్టేసిందంటే ముందు రెండు చేతుల నాడీ చూస్తారు. ఎదుటిమనిషి మంచి చెప్పాల్సొచ్చి ఎవరైనా నీళ్ళు నమిలితే, పెద్దవాళ్ళు ఒకటే అడుగుతారు:

"ఏం, చెంచమ్మ చచ్చేదాకా ఆగుతావా?"