వెయ్యి ముక్కల గొలుసు

గవర్రాజు ఇంట్లో ముగ్గురే మనుషులు, ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదనుకోండి, వాళ్ళే అనుకున్నారు. అతని తల్లి నూకాలమ్మ అయితే "మనింటి తెలివి బయటికి పోకూడదురా" అని పట్టపగలు కూడా తలుపులు బిగించేది.

ఆ ఇంటి కోడలు పోలమ్మ. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారు గొలుసు ఒక్కటే ఉందావిడకి. అదంటే ప్రాణం. అలాంటి గొలుసుని ఆవిడ అన్నగారి భార్య రాజులమ్మ నలుగురిలో పట్టుకుని "ఇది గిల్టులా ఉందేంటి వదినా?" అనేసింది. పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది. రేపే ఆ రాజులమ్మ ఇంట గృహప్రవేశం.

"రేపటికల్లా దాని నోరు మూయించకపోతే నా పేరు పోలమ్మే కాదు!" అని మొగుణ్ణి లాక్కుని బంగారం కొట్టుకి వెళ్ళింది.

కొట్టాయన భూతద్దం పెట్టి గొలుసు కొక్కెం చూశాడు. "నిక్షేపంలాంటి బంగారం తల్లీ! ఇదిగో త్రికోణం గుర్తు, పక్కనే 916. అంటే వెయ్యి పాళ్ళలో తొమ్మిది వందల పదహారు పాళ్ళు బంగారం. గట్టిదనం కోసం మిగతా ఎనభై నాలుగు పాళ్ళూ రాగీ అదీ కలుపుతారు."

"నా గొలుసులో రాగా!" దారిపొడుగునా పోలమ్మ మెడ గోక్కుంటూనే ఉంది.

"దానికంత బాధెందుకే? బియ్యంలో రాళ్ళు ఏరట్లేదూ? రాగి ఏరి పారేద్దాం" అన్నాడు గవర్రాజు.

"నీ బుర్రే బుర్రయ్యా!" అని మురిసిపోయింది పోలమ్మ.

అంతే! రేకులు కోసే కత్తెర తెచ్చారు. గొలుసుని లెక్కపెట్టి మరీ వెయ్యి ముక్కలు చేసి చాటలో పోశారు. నూకాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఏరడానికి కూర్చుంది. చూస్తే అన్నీ పచ్చగానే ఉన్నాయి.

"రాగిని ఎలా పట్టుకోవాలి అత్తా?"

"ఓస్, అదెంత పని! చింతపండుతో తోమితే తళతళలాడేదే రాగి. నా బిందె చూళ్ళేదూ?"

ఇంకేముంది, చింతపండు పిసికి తోమారు. వెయ్యి ముక్కలూ తళతళలాడాయి!

"అయ్యో అయ్యో, అంతా రాగే!" పోలమ్మ చాట ముందు కూలబడి బావురుమంది. "రేపు దానికి నా మొహం ఎలా చూపించను?"

సరిగ్గా అప్పుడే వీధిలో "పాత రాగికి కొత్త రాగిచెంబు!" అని కేక వినబడింది. గవర్రాజు చాటతో సహా పరిగెత్తాడు. చెంబులవాడు ముక్కల్ని ఒకసారి చూశాడు, వీళ్ళ మొహాలు ఒకసారి చూశాడు. చెంబు చేతిలో పెట్టి, చాటలోవి మూటగట్టుకుని, వెనక్కి చూడకుండా లగెత్తాడు.

"పాపం, తూకమైనా వెయ్యలేదు! ఇంత తెలివితక్కువవాడు ఎలా బతుకుతాడో!" అని గవర్రాజు జాలిపడ్డాడు.

"చెంబు సరే, దీని మీద గుర్తేదీ? గుర్తు లేకపోతే ఇదీ గిల్టే అంటుంది మా వదిన" అంది పోలమ్మ. అంతే! గవర్రాజు మేకూ సుత్తీ తెచ్చి, చెంబు అడుగున ఠంగు ఠంగుమని 916 కొట్టాడు. చుక్క చుక్కకీ ఒక చిల్లు.

మర్నాడు పోలమ్మ ఆ చెంబుకి పసుపుతాడు కట్టి, మెళ్ళో వేసుకుని గృహప్రవేశానికి వెళ్ళింది. జనం మధ్య రాజులమ్మ ముందు నిలబడి చెంబు తిప్పి చూపించింది. "గుర్తు చూసి మాట్లాడు వదినా!"

రాజులమ్మ నిజంగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుని, "ఎండన పడొచ్చావు, కాస్త మంచినీళ్ళు తాగు" అంది. పోలమ్మ దర్జాగా మెళ్ళో చెంబే పట్టింది. పోసిన నీళ్ళు పోసినట్టే తొమ్మిదిలోంచీ, ఒకట్లోంచీ, ఆరులోంచీ పట్టుచీర మీదికి ధారకట్టాయి.

"అయ్యో వదినా, అన్నీ కారిపోతున్నాయి!"

"కంగారుపడకు. పోయేవి ఆ ఎనభై నాలుగు పాళ్ళే. చివరికి నిలిచేదే మేలిమి!" అంది పోలమ్మ, చెంబు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నవ్వుతూనే ఉంది.