గెడ్డ నడుమ కొత్తబువ్వ

పడుకున్నావా? దుప్పటి కాళ్ళదాకా లాక్కో. ఊఁ కొట్టాలి మరి, కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోద్ది.

అనగనగా రెండు కొండలు, మధ్యలో ఒక గెడ్డ. గెడ్డంటే కొండ మీంచి రాళ్ళు దొర్లించుకుంటూ వచ్చే ఏరు. ఇటు ఒడ్డున మంచుగూడ, అటు ఒడ్డున తేనెగూడ.

ఆ ఊళ్ళకి ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త ధాన్యం వచ్చిన రోజు ఇటువాళ్ళు బువ్వ వండి అటు పంపాలి, అటువాళ్ళు వండి ఇటు పంపాలి. పక్కూరి ముద్ద ఊళ్ళో ఒక్కరి నోట్లోనైనా పడ్డాకే తమ కుండ మూత తియ్యాలి. ముందే నాకితే చేను అలుగుతుందని భయం.

ఆ ఏడు వానలకి దుంగల వంతెన కొట్టుకుపోయింది. రెండు ఊళ్ళలోనూ బువ్వ ఉడికి ఘుమఘుమలాడుతోంది. తినడానికి లేదు! పిల్లలు కుండల చుట్టూ కూర్చుని వాసన పీలుస్తున్నారు.

మంచుగూడలో చిలకమ్మకి మాత్రం వేరే బెంగ. ఆవిడ కూతురు పైడితల్లి ఆ ఏడే పెళ్ళై తేనెగూడ వెళ్ళింది. ఆకలికి ఒక్క క్షణం ఆగలేని పిల్ల. పైగా కొత్త కోడలు, ఆకలవుతోందని నోరు తెరిచి చెప్పను కూడా చెప్పలేదు.

అప్పుడు బోడన్న అనే వస్తాదు కుండ నెత్తిన పెట్టుకుని గెడ్డలో దిగాడు. నడుంలోతు వెళ్ళాడో లేదో, నాచురాయి మీద కాలు జారింది. బువ్వంతా చేపల పాలు. చేపలకి ఆనవాయితీ ఏం పట్టింది, శుభ్రంగా తినేశాయి.

ఆ తర్వాత బువ్వని ఆకులో మూటగట్టి, చేలో పిట్టల్ని తోలే వడిసెలలో పెట్టి విసిరారు. అది వెళ్ళి అటు ఒడ్డున మేస్తున్న గేదె ముందు పడింది. గేదె ఆకుతో సహా నమిలేసింది. నవ్వకు, నవ్వితే నిద్ర పారిపోద్ది!

ఇక చిలకమ్మే లేచింది. చీర కచ్చ బిగించింది. ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు నడుముకి కట్టుకుంది. అక్కడి పిల్లలు ఈత నేర్చేది ఆ బుర్రలతోనే. ఇంకో బుర్రలో బువ్వ కూరి, మూతి బిగించి, మెడకి వేలాడేసుకుంది.

కంగారులో చూసుకోలేదు పాపం. నడుముకి కట్టిన వాటిలో ఒకటి అంబలి తాగే బుర్ర! తాగడానికి దానికి చిల్లు ఉంటుంది కదా. సగం దూరం వెళ్ళేసరికి అది గుడగుడమని నీళ్ళు తాగేసింది. చిలకమ్మ ఓ పక్కకి ఒరిగి, గిరగిరా తిరిగి, మధ్యలో ఉన్న బండని ఎలాగో పట్టుకుంది.

ఎక్కి చూస్తే ఏముంది! బండకి అటుపక్క నుంచి ఇంకో తడిసిన తల పైకొచ్చింది. మెళ్ళో బువ్వ బుర్ర. పైడితల్లే!

"ఏటే, బుద్ధుందా నీకు? ఇంత నీటిలో దిగుతావా?" అంది తల్లి.

"నీకుందేటమ్మా? నువ్వు తినకుండా కూకుంటావనే కదా నేనొచ్చాను," అంది కూతురు.

చిలకమ్మ ఇంకా తిడదామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో కూతురు ముద్ద పెట్టేసింది. వెంటనే తల్లి కూడా కూతురి నోట్లో పెట్టింది. ఇద్దరి నోళ్ళూ నిండిపోయాయి, తిట్టుకోవడానికి చోటే లేదు. నములుతూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు.

అది చూసి రెండు ఒడ్డుల మీదా జనం కేకలు పెట్టారు. కుండల మూతలన్నీ ఒక్కసారే లేచాయి.

అందరూ తిన్నాక ఇద్దర్నీ లాగడానికి అటునుంచి ఒక తాడు, ఇటునుంచి ఒక తాడు విసిరారు. ఆ తాళ్ళు చాలాసేపు అలాగే పడి ఉన్నాయి. తల్లీకూతుళ్ళకి లేవబుద్ధి కాలేదు మరి.

కథేమో కంచి చేరె,
బువ్వేమో బొజ్జ చేరె,
నిద్దరొచ్చి మా బుజ్జి కంట చేరె.