అభయమిచ్చిన చేయి

రేగులకోటలో మంత్రసాని అంకాలును ఎరగని ఇల్లు లేదు. నొప్పులకు బెదిరిపోయే ఆడవాళ్ల చేత, గుళ్లో పూజారి పట్టే ముద్రలే పట్టించి భయం తీర్చేది. ఆ సంగతి రాజగురువు శంభుభట్టు చెవిన పడింది. అంతే, భటులొచ్చి ఆమెను సభకు ఈడ్చుకుపోయారు.

"పురిటి మైలలో ముద్రలా! ముద్ర ఉన్నది పూజకు. వైద్యానికి వాడితే ఎవరి వేళ్లయినా సరే నరికించాలి, ప్రభూ!" అని గర్జించాడు గురువు.

తలారి అప్పటికే మొద్దు తెచ్చి పెట్టాడు. దాని మీది పాత గాట్లు చూసేసరికి అంకాలుకు పైప్రాణాలు పైనే పోయాయి. ఊళ్లో సగం మందిని భూమ్మీద పడగానే అందుకున్న చేతులు గజగజ వణికాయి.

"అభయమిస్తే ఒక్క మాట చెప్పుకుంటాను, దొరా" అంది.

ఆనవాయితీ ప్రకారం రాజు అరచెయ్యి ఎత్తి చూపాడు. ఆ చేతినే చూస్తూ నిలబడ్డ అంకాలుకు వణుకు కాస్త తగ్గింది.

"గురువుగారూ, దొరగారు పట్టింది అభయముద్రే కదండీ?"

"అవును. అయితే?"

"దాంతో దొరగారు నాకు పూజ చేశారా, నా వణుకు కుదిర్చారా? తమరే సెలవియ్యండి."

శంభుభట్టు రెండు జవాబులూ మనసులో తూచి చూసుకున్నాడు. పూజంటే రాజు మంత్రసానికి మొక్కినట్టు. వైద్యమంటే నరకాల్సింది రాజు వేళ్లు! రాజేమో ఎత్తిన చెయ్యి దించకుండా ఆయన వంకే చూస్తున్నాడు.

గురువు చేతులు వణకసాగాయి.

"ఇలా పట్టండి స్వామీ, తగ్గుతుంది" అంటూ అంకాలు తన వేళ్లు ముడిచి చూపింది.

గురువు మారుమాట్లాడకుండా పట్టాడు.