ముత్తన్నకు పట్టా అందిన రోజు

మణిగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే రణకేసరి మహారాజుకి ఇరవై నాలుగు బిరుదులు. వాటిలో సగం తనకు తానే తగిలించుకున్నవట. పోనీలెండి, మనకెందుకు!

ఆ రాజ్యంలో ఓ పెద్ద విద్యాపీఠం ఉండేది. ఏటా స్నాతకోత్సవం నాడు చదువు ముగించినవాళ్ళకి రాజు స్వహస్తాలతో పట్టా ఇవ్వాలి. పట్టా లేనిదే వైద్యుడు నాడి పట్టకూడదు, పంతులు పాఠం చెప్పకూడదు. రణకేసరి దానికి ఇంకో కట్టడి కలిపాడు. ఒక్కొక్కరిని పిలిచే ముందు తన ఇరవై నాలుగు బిరుదులూ చదవాలి! పొద్దు గూకితే సభ చాలింపు. మిగిలినవాళ్ళు మళ్ళీ ఏడాదికే.

ఆ ఏడు పట్టాలకు నూట ఇరవైమంది వచ్చారు. కొలువులో చమత్కారి అని పేరుపడ్డ ఓబళయ్య పొద్దున్నే రాజు చెవిన వేశాడు.

"ప్రభూ, ఇలాగైతే చివరివాళ్ళకి అందదు. బిరుదులు ఒక్కసారి చదివితే చాలదూ?"

"బిరుదు తగ్గితే రాజు తగ్గినట్టే. నీ పని నువ్వు చూసుకో."

చేసేది లేక ఓబళయ్య వెళ్ళి వెనకాల, తల్లిదండ్రుల మధ్య కూలబడ్డాడు. పక్కనే బుట్టలల్లే సూరమ్మ కూర్చుని ఉంది. ఆమె కొడుకు ముత్తన్న పన్నెండేళ్ళు వైద్యం చదివాడు. జాబితాలో పెద్దింటి పిల్లలు ముందు, ముత్తన్న అందరికన్నా చివర.

"ఇంకో ఏడాది ఆగలేమయ్యా," అంది సూరమ్మ. "వైద్యుడు లేక ఈ వానాకాలం మా ఊళ్ళో నలుగురు పోయారు."

ఓబళయ్య మనసు చివుక్కుమంది. ఇంత చదువూ చదివినవాడు నాడి పట్టడానికి అడ్డం వస్తున్నవి ఉత్త మాటలు కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటింది. ముందు వరుసలో మంత్రులు కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నారు. వెనక పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఓబళయ్య ఉత్తరీయం చెంగున కట్టిన వేయించిన శనగల మూట విప్పాడు.

"ఓ ఆట ఆడదాం రండి. తలా ఓ బిరుదు పట్టుకోండి. వందిమాగధుడు అలిసిపోయి మధ్యమధ్య కొన్ని మింగేస్తున్నాడు. ఎవరి బిరుదు మింగితే వాళ్ళకి గుప్పెడు శనగలు. తగువొస్తే సూరమ్మ తీరుస్తుంది."

ఇంకేం, వెనకున్న వాళ్ళంతా చెవులు రిక్కించారు.

"రిపుగజసింహ ఎగిరిపోయింది! ఇలా తే శనగలు!"

"చదివాడయ్యా, గొణిగాడంతే!"

"లేదు, మింగేశాడు," అని సూరమ్మ తీర్పు చెప్పింది. అందరూ గొల్లుమన్నారు.

"ఆపండి!" రాజు లేచాడు. "ఎవడ్రా అక్కడ ఇకిలించేది?"

ఆ పిలుపు కోసమే కాచుకున్న ఓబళయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనే ప్రభూ. ఇంత సభలో మీ బిరుదులు వింటున్నది మేమే."

"నవ్వుతూ వింటున్నారా? రుజువు చెయ్. లేకపోతే రేపట్నుంచి నీకు కొలువు లేదు."

"అలాగే. ముందు మహామంత్రిగారిని చెప్పమనండి."

మహామంత్రి ఉలిక్కిపడి లేచి అయిదు చెప్పి, ఆరో దాని దగ్గర మీసం దువ్వుకుంటూ నిలబడిపోయాడు. అప్పుడు సూరమ్మ లేచింది. తడుముకోకుండా ఇరవై నాలుగూ వరసగా అప్పజెప్పింది.

రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "భేష్ అవ్వా! ఏం కావాలో కోరుకో."

"మారాజా, పొద్దున్నుంచీ తమ బిరుదులు డెబ్భైసార్లు విన్నాను. మా ముత్తన్న పేరు ఒక్కసారి వినిపించండి చాలు. పొద్దు వాలిపోతోంది."

రాజు తన ఎదుట పట్టా పట్టుకు నిలబడ్డ కుర్రాణ్ణి చూశాడు.

"నీ పేరేమిటి నాయనా?"

అప్పుడే పిలిచిన పేరు. ఆయన వినలేదు. ఆ సంగతి ఆయనకే తెలిసొచ్చి సిగ్గేసింది.

"ఇక పేర్లు మాత్రమే చదవండి," అన్నాడు మెల్లిగా.

మిగిలిన యాభైమందిలో ముందున్నవాళ్ళందరికీ చకచకా పట్టాలు అందాయి. పొద్దు ఇంకా బారెడుండగానే, "వైద్య విద్యార్థి ముత్తన్న!" అని పిలుపు వచ్చింది.

సూరమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ లేచింది. "ఇంకోసారి పిలవమనండి మారాజా. తమర్ని అన్నిసార్లు పిలిచారు, మావాణ్ణి రెండోసారి పిలిస్తే తప్పా?"

రణకేసరి పకపకా నవ్వాడు. భుజాన ఉన్న పట్టుశాలువా తీసి ఓబళయ్యకు కప్పి, "వచ్చే ఏటినుంచి ఈ సభ నడిపే పెత్తనం నీదే," అన్నాడు. ఆ తరవాత తానే గొంతెత్తి, "ముత్తన్నా!" అని పిలిచాడు.

నాటినుంచి మణిగిరి స్నాతకోత్సవంలో బిరుదులు చదవడం మానేశారు. ప్రతి పేరూ రెండుసార్లు చదివేవారట.