చిలకల కేకల్లో పోయిన చినుకుల చప్పుడు

అనగనగా... ఊఁ కొట్టాలమ్మా, నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ కాలు కదపదు. అనగనగా, కొండ కింద ఒక ఊళ్ళో ఇంటింటా పట్టుపురుగులు పెంచేవాళ్ళు.

పట్టుపురుగులంటే తెలుసా నీకు? నీ చిటికెన వేలంత ఉంటాయి. తట్టల్లో పడుకుని పొద్దస్తమానం మల్బరీ ఆకు తింటాయి. అన్ని పురుగులూ ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే పెంకుల మీద సన్నవాన పడినట్టు చప్పుడొస్తుంది. బయట ఎండ, ఇంట్లో వాన! తమాషా కదూ.

ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే చెల్లెలు, పేరు సుంకమ్మ. అమ్మానాన్నా లేరు గనక తిప్పక్కే పెంచి పెద్దచేసింది. సుంకమ్మకి పెళ్ళి కుదిరింది. ఆ ఊరి ఆచారం ఏమిటంటే, ఆడపిల్ల పెళ్ళిచీర పుట్టింటి పురుగుల పట్టుతోనే నేయించాలి. అంగట్లో చీర ఎంత బాగున్నా పెళ్ళికి పనికిరాదు. అందుకని తిప్పక్క వంట చేస్తున్నా, చీపురు పట్టినా, ఒక చెవి మాత్రం ఆ వాన మీదే ఉంచేది.

ఎందుకంటావా? పురుగులు ముదిరాక ఒకనాడు తినడం మానేస్తాయి. వాన ఆగిపోతుంది. అప్పుడు వెంటనే వాటిని ఏరి చంద్రికల మీద వెయ్యాలి. చంద్రిక అంటే వెదురుతో చుట్టలు చుట్టలుగా అల్లిన చాప, పురుగులు దాని మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఆలస్యం చేశామా, ఆకుచెత్తలోనే దారం కక్కి చిక్కు చేసేస్తాయి. ఇక ఆ పట్టు ఎందుకూ కొరగాదు.

అలా ఉండగా ఆ ఊరికి ఒక నూనె వర్తకుడొచ్చాడు. రోజంతా గొంతు చించుకోలేక, ఒక చిలకకి మాటలు నేర్పి గోడ మీద కూర్చోబెట్టాడు. "మా నూనే నూనె! రాస్తే జడ బారెడు!" అంది చిలక. ఊరంతా తలెత్తి చూసింది. ఆ తర్వాత గాజుల వర్తకుడు రెండు చిలకల్ని తెచ్చాడు. ఆ తర్వాత మిఠాయి వర్తకుడు ఏకంగా గుంపునే దించాడు. బావి గిలక మీద చిలక, దూలం మీద చిలక, దొడ్లో చిలక!

మొదట్లో అందరికీ ముచ్చటే. రాను రాను ఎవరి మెడ వాళ్ళ మాట వినడం మానేసింది. చిలక అరిస్తే చాలు, దానంతటదే తిరిగేది. పులుసులో ఉప్పు వేశామో లేదో తెలియక మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. మాట మొదలుపెట్టి, ఏం చెప్పబోయారో మరిచిపోయి, ఎదుటివాడి మొహం చూసేవాళ్ళు. ఆ ఎదుటివాడు అసలు వింటేగా!

తిప్పక్క ఒక పంట అలాగే పోగొట్టుకుంది. వాన ఎప్పుడు ఆగిందో తెలియనే లేదు. చూసేసరికి తట్టలనిండా చిక్కుదారం. తల బాదుకుని ఏడ్చింది పాపం. పెళ్ళిలోగా ఇంకొక్క పంటే మిగిలింది.

ఏడ్చి ఏడ్చి, ఆవిడకి ఒక వింత తోచింది. "నా చెవులు నా తలకే ఉండాయి గదా, మరి యాడికి పోతాండాయి?" అనుకుంది. అప్పుడు చూరు కింద కూర్చుని చిలకల్ని కనిపెట్టి చూసింది.

చిలక అరుస్తుంది. అరిచి, మనుషుల మెడల వంక ఓరగా చూస్తుంది. ఒక మెడ ఇటు తిరిగితే, వర్తకుడి మనిషి దానికి ఒక జామముక్క పెడతాడు. ఏ మెడా తిరగకపోతే ముక్క లేదు.

"ఓసి దొంగపిట్టా! మేము కొన్నా కొనకపోయినా నీకు ఒకటే. మేము చూస్తే చాలు, నీ కడుపు నిండతాది!" అంది తిప్పక్క.

ఊళ్ళోవాళ్ళకి చెప్తే, ఇక చూడం అని అందరూ ఒట్టేసుకున్నారు. అనుకున్నంత తేలికా? చూడకు చూడకు అనుకుంటే మెడకి ఇంకా జిల పుట్టింది. అప్పుడు కళ్ళు మూసుకున్నారు, చిలకలు చెవి దగ్గరకొచ్చి అరిచాయి. ఆ తర్వాత చెవుల్లో దూది పెట్టుకున్నారు, పురుగుల వాన కూడా వినబడలేదు.

అప్పుడు తిప్పక్క అందర్నీ పురుగుల గదిలోకి పిలిచింది. "చిలకని ఇనకూడదు అనుకోవద్దండి. దీన్ని ఇనండి, చాలు" అంది. తట్టల చుట్టూ కూర్చున్నారు. కాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత ఒక చినుకు, ఇంకో చినుకు, ఆ తర్వాత వానే వాన! ఇంత చిన్న నోళ్ళకి ఇంత చప్పుడెలా వస్తుందా అని ఊరు ఊరంతా ముందుకి వంగి వింది. కిటికీలో చిలకలు గొంతు పగిలేలా అరిచాయి. ఒక్క మెడ తిరిగితే ఒట్టు.

కొన్నాళ్ళకి జామముక్కలు ఆగిపోయాయి. చిలకలు విసుగెత్తి కొండమీది తోటకి పోయాయి. వర్తకులు వీధికొక్క కేక వేసి పోవడం మొదలుపెట్టారు. నూనె కావలసినవాళ్ళు కొనుక్కున్నారు కూడా, అదేం తప్పు కాదుగా!

ఒకనాడు వాన ఆగింది. తిప్పక్క చటుక్కున వింది. అక్కా చెల్లెళ్ళిద్దరూ పురుగుల్ని ఏరి చంద్రికల మీద వేశారు. ఇల్లంతా చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో సుంకమ్మ నెమ్మదిగా, "అక్కా, నిన్ను ఇడిసి పోవాలంటే నాకు భయమైతాంది" అంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"రోజూ చెప్తానే ఉండా. నువ్వు ఊఁ అంటాంటివి."

తిప్పక్కకి గుండె కలుక్కుమంది. చీర కోసం అంత కాపలా కాసింది గానీ, చీర కట్టుకోబోయే పిల్ల మాట ఒక్కటీ వినలేదు. కళ్ళనీళ్ళతో చెల్లెల్ని దగ్గరకి తీసుకుంది. "తప్పయింది తల్లీ. ఇప్పుడు చెప్పు, మొదటినుంచి చెప్పు" అంది. సుంకమ్మ పొద్దు వాలేదాకా చెప్పింది. అక్క అంతా వింది.

చిలకలు తోటకి, చెల్లెలు అత్తింటికి,
కథేమో కంచికి, కునుకు నీ కంటికి!