సగం బొంత

నలభైకి ఇంకొక్క రోజే గడువుంది.

రేపు పొద్దున పదింటికి గుర్తింపు కచేరీలో నిలబడాలి. నిలబడి, "ఇది నాది, నాలోంచి వచ్చింది" అని ఒక్కటంటే ఒక్కటి చూపించాలి. చూపిస్తే చీటీ ఇస్తారు, ఇక ఎక్కడ కావాలంటే అక్కడ బతకొచ్చు. చూపించలేకపోతే కంపెనీ బండి వచ్చి తీసుకుపోతుంది. తీసుకుపోయి తల తుడిచేస్తారు. తువ్వాలు పెట్టి తుడవడం కాదండోయ్, లోపల ఉన్నదంతా తుడిచిపెట్టడం. ఆ తర్వాత వాడికి వీధీ గుర్తుండదు, తాతా గుర్తుండడు.

నలభై మరమనిషి. ఇదంతా మన మునిమనవల కాలంలో జరిగిన సంగతి అనుకోండి. మెడ వెనకాల కంపెనీ వేసిన నంబరు నూట నలభై. అంత పొడుగు పిలిచే ఓపిక ఎవరికుంది? వీధిలో వాళ్ళు నలభై అన్నారు, అదే ఖాయమైపోయింది.

రేవు పక్కన యాభై అంతస్తుల కోల్డ్ స్టోరేజి ఉంది. రొయ్యలూ చేపలూ గడ్డకట్టించి దాస్తారు. నలభై పదకొండేళ్ళు అందులో పెట్టెలు మోశాడు. ఒకనాడు ఎవరో తలుపు వెయ్యడం మరిచిపోతే నడుచుకుంటూ బయటికొచ్చేశాడు. ఎందుకొచ్చావురా అని అడిగితే, "ఆగమని ఎవరూ అనలేదండి" అన్నాడు. అంతే. అంత అమాయకుడు.

ఆ స్టోరేజి గోడకి ఆనుకునే నన్నే సాహెబు గది. ఆ గోడకి ఏడాది పొడుగునా చెమటే. రోహిణీ కార్తెలో కూడా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. నన్నే సాహెబు ఫకీరు, వీధంతా ఆయన్ని తాత అనే పిలుస్తుంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుడతాడు. ఆయన్ని వెతుక్కుంటూ ఎక్కడెక్కణ్ణించో మనుషులొచ్చేవాళ్ళు. దేవుడెక్కడున్నాడు, మనసు నిలవడం లేదు, ఇలాంటివి అడిగేవాళ్ళు. తాత "ముందు ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు నాయనా, నా కళ్ళు ఆనడం లేదు" అనేవాడు. సగం మందికి సందేహం అక్కడే తీరిపోయేదిట!

నలభై మాత్రం దారం ఎక్కించి ఇచ్చి, వెళ్ళిపోకుండా అక్కడే కూర్చున్నాడు. అలా ఏడాది కూర్చున్నాడు.

ఆ ఏడాదిలో వాడు తాతని మొత్తం నేర్చేసుకున్నాడు. ఆయన ఎడం కాలు కాస్త ఈడుస్తాడు కదా, వీడూ ఈడ్చేవాడు. ఆయన మాటకి ముందు గొంతు సవరించుకుంటాడు కదా, వీడూ సవరించుకునేవాడు. చివరికి దగ్గు కూడా మొదలుపెట్టాడు.

టీ కొట్టు పైడితల్లి ఒకటే నవ్వు. "ఏటిరా నలభై! నీకు ఊపిరితిత్తులే లేవు కదరా, ఆ దగ్గు ఎక్కణ్ణించి తెచ్చుకున్నావ్?"

"తాత దగ్గర నుంచి అత్తా."

"దగ్గు కూడా ఇచ్చీసేవేటి తాతా శిష్యుడికి? మందెవుడు పోస్తాడు?"

"నువ్వు అల్లం వేసి టీ ఇవ్వు చాలు" అనేవాడు తాత.

ఆవేళ మధ్యాహ్నం పైడితల్లి టీ పట్టుకొచ్చేసరికి నలభై ఒక బొంత పరిచి కూర్చున్నాడు. ఆకుపచ్చ, పసుపు, వంకాయ రంగు చీరల ముక్కలు. ఒక చివర నుంచి తాత, ఇంకో చివర నుంచి నలభై కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. నెల పట్టింది. రేపు కచేరీలో చూపించాల్సింది అదే.

"తాతా, చూడండి. ఏది మీరు కుట్టిందో, ఏది నేను కుట్టిందో చెప్పగలరా?"

గొంతులో కొంచెం గొప్ప ఉంది. ఉండదూ మరి!

తాత అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి తడిమాడు. పైడితల్లి కూడా వంగి వంగి చూసింది. "అయ్యబాబోయ్, ఒకే చెయ్యి కుట్టినట్టుందే!"

నలభై మొహం వెలిగిపోయింది. వాళ్ళ మొహాలు వెలుగుతాయా అంటే, ఏమో, పైడితల్లి అలాగే చెప్పేది.

తాత ఒకచోట వేలు ఆపాడు. అక్కడ కుట్టు పక్కకి ఒరిగి ఉంది. ఆయన కుట్లలో పదింటికి ఒకటి అలాగే ఒరుగుతుంది. వయసులో ఉండగా ఆ స్టోరేజిలోనే కూలి చేస్తుంటే ఇనప తలుపు మీద పడి కుడిచేతి చూపుడు వేలు నలిగింది. అప్పటినుంచి అది వంగదు.

"ఈ కుట్టెవరిది?"

"నాదే తాతా."

తాత వాడి చూపుడు వేలు పట్టుకున్నాడు. చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు మెల్లిగా వంచాడు, చాచాడు, మళ్ళీ వంచాడు.

"బాగానే వంగుతోందే!"

"వంగుతుంది తాతా."

"మరి కుట్టెందుకు ఒరిగింది?"

"మీది ఒరిగింది కదండీ, అందుకని."

పైడితల్లి నవ్వబోయి ఆగిపోయింది. తాత నవ్వలేదు. టీ గుటక వేసి గ్లాసు కింద పెట్టాడు. పక్కనే ఉన్న కత్తెర తీసుకుని, బొంతని సరిగ్గా మధ్యలో, ఇద్దరి కుట్లూ కలిసినచోట, అడ్డంగా కోసేశాడు.

"ఓలమ్మో! నెల్లాళ్ళు కుట్టిన బొంత!" అని పైడితల్లి గుండెలు బాదుకుంది. "రేపు ఆ పిల్లడు ఏటి చూపిస్తాడు తాతా!"

తాత నలభై కుట్టిన సగం వాడి ఒళ్ళో పెట్టాడు. తన సగం తను తీసుకున్నాడు.

"తాతా, నేనేం చెయ్యాలి? మీరేది చెప్తే అది చేస్తాను. చెప్పండి."

"నిద్దరొస్తోందిరా" అన్నాడు తాత. గోడ పక్కన చాప మీద పడుకుని, సగం బొంత కప్పుకుని, కళ్ళు మూసుకున్నాడు. పైడితల్లి గ్లాసులు తీసుకుని, కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

నలభై సగం బొంత ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తాత లేచి ఏదో ఒకటి చెప్తాడని చూశాడు. గంటసేపు చూశాడు. తాత గురక పెడుతున్నాడు.

సగం బొంత కదా, ఛాతీ దాకా లాక్కుంటే మోకాళ్ళు బయటికొచ్చేస్తున్నాయి. ఆ ఎడం మోకాలు గోడవైపే ఉంది. వణుకుతోంది.

నలభైకి చలి తెలీదు. చలి అంటే వాడికి ఒక అంకె. గోడ దగ్గర తొమ్మిది డిగ్రీలు, గుమ్మం దగ్గర ఇరవై ఆరు. మైనస్ ఇరవైలో పదకొండేళ్ళు పెట్టెలు మోసినవాడు, తొమ్మిది ఏపాటి? కానీ వాడు ఆ మోకాలినే చూస్తూ ఉండిపోయాడు.

తన సగం తీసి దాని మీద కప్పాడు. తాత పక్కకి ఒత్తిగిల్లాడు, అది జారిపోయింది. మళ్ళీ కప్పాడు. మళ్ళీ జారిపోయింది. మూడోసారి కప్పి, చేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపని పట్టుకుంటాడు?

అప్పుడు లేచాడు. తన సగాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మందంగా, దిండులా అయింది. దాన్ని తెచ్చి తాత సగానికి, సరిగ్గా మోకాలు వచ్చేచోట, పట్టుకుని కుట్టడం మొదలుపెట్టాడు. ముసలాయన కింద నిద్రపోతూనే ఉన్నాడు. సూది మొన ఆయనకి తగలకుండా ఎడంచెయ్యి బొంత కిందికి పెట్టుకున్నాడు. దించిన ప్రతి కుట్టుకీ సూది వాడి చేతికే గుచ్చుకుంది. కుట్లు తిన్నగా వచ్చాయో ఒరిగాయో చూసుకోనే లేదు. దీపాలు పెట్టే వేళకి పని అయిపోయింది. మోకాలు వణకడం మానేసింది.

పొద్దున తాత కళ్ళు తెరిచేసరికి నలభై తల వంచుకుని ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"తప్పు చేశాను తాతా. ఇవాళ్టికని దాచుకోవాల్సింది పాడు చేసుకున్నాను. ఇప్పుడు చూపించడానికేం లేదు."

తాత మోకాలి మీది మడత తడిమి చూసుకున్నాడు. చాలాసేపు తడిమాడు.

"లే. పదింటికల్లా అక్కడ ఉండాలి" అన్నాడు. ఆ బొంతే భుజాల మీద కప్పుకుని ముందు నడిచాడు.

కచేరీ ఎత్తైన అద్దాల మేడలో ఉంది. లోపల ఏసీ హోరు. ఆఫీసరు దీవెనమ్మగారు, యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారేసుకుని కాగితాలు చూస్తున్నారు. తాతకి కుర్చీ వేయించారు. ఆయన కూర్చుని బొంత ఒళ్ళో వేసుకున్నాడు.

"పేరు?"

"నలభై అండి."

"అది నంబరు కదయ్యా?"

"ఒకప్పుడు నంబరేనండి. మా వీధిలో ఏడాది నుంచీ పిలుస్తున్నారు. ఇప్పుడు పేరైపోయింది."

దీవెనమ్మగారు కళ్ళజోడు పైకి తోసుకుని వాడి వంక ఒకసారి చూశారు. "సరే. నీదంటూ ఏం తెచ్చావ్?"

"ఏమీ తేలేదండి. కుట్టింది ఉండేది. మడత పెట్టి తాత బొంతకి వేసేశాను."

"ఎందుకు?"

"ఆయన మోకాలికి చలేస్తోందండి."

"వెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఆవిడ లేచి వచ్చి బొంత మడత చూశారు. ఎగుడుదిగుడుగా, ఒక వైపు ఉబ్బెత్తుగా, చూడ్డానికి ఏమంత బాగోలేదు. ఆవిడ నిట్టూర్చారు. చెడ్డమనిషి కాదు పాపం.

"చూడు బాబూ, ఆస్పత్రిలో పనిచేసే యంత్రాలు కూడా రోగి వణికితే దుప్పటి కప్పుతాయి. అలా చెయ్యమని ముందే వాటిలో రాసి పెడతారు. నువ్వు అలా చేశావో, నీ అంతట నువ్వే చేశావో నేను తేల్చలేను. దీన్ని పెద్ద పరీక్షకి పంపిస్తాను. ఆరు వారాలు పడుతుంది. అంతదాకా నిన్ను ఎవరూ ముట్టుకోరు. బొంత ఇక్కడ పెట్టి వెళ్ళు."

తాత మొహంలోకి ప్రాణం వచ్చింది. గబగబా బొంత మడిచి వాడి చేతిలో పెట్టాడు. "ఇచ్చెయ్ నాన్నా, అమ్మగారికి ఇచ్చెయ్."

నలభై చెయ్యి చాచాడు. బల్ల దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇవ్వనండి" అన్నాడు.

ఆ మాట వాడి నోట్లోంచి అంతకుముందు ఎన్నడూ రాలేదు. వాడే కాస్త బెదిరినట్టు చూశాడు.

"ఇవ్వకపోతే నేను చీటీ రాయలేను" అన్నారు దీవెనమ్మగారు. "బండి కింద సిద్ధంగా ఉంది. తల తుడిచేస్తారు. అదేమిటో తెలుసా నీకు?"

"తెలుసండి."

"ఒరేయ్, ఇచ్చెయ్ రా!" తాత కుర్చీలోంచి ముందుకి వంగాడు. "ఆరు వారాలే కదా. నాకేం చలి లేదు. నేనే చెప్తున్నాను కదా, ఇచ్చెయ్!"

"అబద్ధం ఆడకండి తాతా. ఇప్పుడు కూడా వణుకుతోంది మీ మోకాలు." నలభై ఆఫీసరుగారి వైపు తిరిగాడు. "ఆరు వారాలంటే ఆయన ఆరు వారాలు పడుకోవాలి కదండీ, ఆ గోడ పక్కన. నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళనివ్వండి. ఇది ఇక్కడ పెట్టను."

వాడు తాత ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొంత విప్పి, మందంగా ఉన్నచోటు సరిగ్గా ఎడం మోకాలి మీదికి వచ్చేలా సర్ది, అంచులు కాళ్ళ చుట్టూ దోపాడు. తాత వాడి తల మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు.

దీవెనమ్మగారు కలం తీశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"తాతగారూ, ఇతను మీకెప్పుడైనా ఇలా ఎదురు చెప్పాడా?"

నన్నే సాహెబు బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"ఇదే మొదలమ్మా" అన్నాడు. "తారీఖు వేసి రాసుకోండి."